ఎర్ర పెన్నుతో దిద్దిన సేప

నిన్న తగరపువలస సంతలో, పాత పుస్తకాల గుట్టలో, మన ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం కనబడింది. అంచుల నిండా ఎవరిదో పెన్సిల్ రాత. ఆ పాత కాగితం వాసనకి నూకాలక్క గుర్తొచ్చి సిగ్గేసింది.

పై క్లాసు వాళ్ల పుస్తకాలతోనే కదర్రా మనం చదువుకున్నది! ఆ ఏడు నాకు నూకాలక్క పుస్తకం దొరికింది. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకెళ్లేవాడు. చేప బొమ్మ చుట్టూ "మబ్బేత్తే ఈ సేప పైకొత్తాది" లాంటివి బోలెడు రాసుకుంది. మేం గోదావరి నుంచి నాన్న పోర్టు ఉద్యోగానికని వచ్చినవాళ్లం. తెలుగులో క్లాసు ఫస్టు నేనే. "సేప" అన్నచోటల్లా ఎర్ర పెన్నుతో "చేప" అని దిద్దేశాను.

పరీక్షలయ్యాక నూకాలక్క తన చెల్లెలి కోసం పుస్తకం తీసుకెళ్దామని వచ్చి, పేజీలు తిప్పి, "ఏటే ఇది?" అంది.

"తప్పులు దిద్దానక్కా," అన్నాను గొప్పగా.

"తప్పులేటి? మా అయ్య సెప్తంటే రాసుకున్నాను."

పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చేది, కబుర్లు చెప్పేది. నా ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, జాగ్రత్తగా "చేప" అనేది.