రాయి వెనక రొయ్య

ముందే చెబుతున్నాను, నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతి గట్టెక్కగానే బడి మానేసి కొయ్య స్పూన్లు చెక్కే పనిలో కూర్చున్నాను. ఉదయగిరిలో మా వీధిలో చాలా ఇళ్లలో అదే పని. ఆకురాయి పట్టినంత తేలిగ్గా పెన్ను పట్టలేను. ఒత్తులు జారిపోయినా, అక్షరం అటుదిటైనా ఏమీ అనుకోకండి. నోటితో ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను.

నా తమ్ముడు వ్యాను డ్రైవరు. సముద్రం పక్కన రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు ఉంటాయి. అక్కడి నుంచి పిల్లల్ని ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లూ గాలీ నింపి చెరువులకు చేర్చేవాడు. పెళ్లి చేసుకోలేదు. నేను కూతురు పుట్టాక పుట్టింటికే తిరిగొచ్చిన దాన్ని. నా కూతురికి ఆత్మకూరులో సంబంధం చూసి పెళ్లి చేసింది కూడా వాడే. ఆ తర్వాత ఇంట్లో అమ్మ, వాడు, నేను మిగిలాం.

అమ్మకు కళ్లు సరిగ్గా ఆనవు. వెలుతురూ రంగులూ తెలుస్తాయి, అంతే. శుక్రవారం వాడు ఊళ్లో ఉంటే అమ్మను వసారాలో కూర్చోబెట్టి గోళ్లు తీసేవాడు. నేను తీస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "నువ్వు కొయ్య చెక్కినట్టు చెక్కతావు" అనేది.

ఒకరోజు వాడు గాజు తొట్టి, గాలి మోటారు, క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చి నడింట్లో పెట్టాడు. కొన్ని రోజులు నీళ్లను తిరగనిచ్చాక ఒక సంచి తెచ్చి అందులోకి వదిలాడు. ఒకే ఒక రొయ్య. ఎర్రటి ఒళ్లు, వీపు మీద తెల్లటి చార, పొడుగాటి తెల్ల మీసాలు. ఇది తినేది కాదట. సముద్రంలో చేపల ఒళ్లు శుభ్రం చేసి బతుకుతుందట.

"చెయ్యి పెట్టమ్మీ" అన్నాడు అమ్మతో. మా ఇళ్లలో అమ్మను అమ్మీ అని, అక్కను ఆపా అని పిలుస్తాం.

అమ్మ భయపడుతూనే పెట్టింది. రొయ్య రాయి మీద నుంచి మెల్లగా దిగి వచ్చి అమ్మ వేళ్ల మీదికి ఎక్కింది. గోళ్ల సందుల్లో చిన్న చిన్న కాళ్లతో గిల్లుతూ శుభ్రం చేసింది. అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నేను ఊళ్లో లేకపోతే ఇకమీదట నీ గోళ్లు ఈడే చూసుకుంటాడు" అన్నాడు తమ్ముడు.

పక్కింటామె చూడటానికి వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఏందబ్బాయ్, కేజీ తెచ్చుంటే కూరయ్యేది గదా. ఒక్కదాన్ని తెచ్చి మోటారు పెట్టి సాకతా ఉండారు?"

"దానికి సంబంధం చూస్తా ఉండాం పిన్నీ. కుదిరితే పెళ్లికూర నీకే ముందు."

"మీ ఇంట్లో నీకు కుదిరినాక గదరా దానికి" అందామె. అమ్మ కూడా ఆమెతో కలిసి నవ్వింది.

రొయ్యను బతికించడం చూసినంత తేలిక కాదు. తొట్టికి ఒక పక్క తమ్ముడు నా గోళ్ల రంగుతో ఎర్ర గీత గీశాడు. "నీళ్లు ఆరిపోతాయి గానీ ఉప్పు ఆరిపోదు ఆపా. గీత కిందికి దిగితే మళ్లీ ఉప్పునీళ్లు పొయ్యబాకండి, మనం తాగే క్యాను నీళ్లు పొయ్యండి. బోరు నీళ్లు వద్దే వద్దు. ఇనుప గరిటె, స్టీలు స్పూను లోపల పెట్టబాకండి" అని చెప్పాడు. అందుకని మేత వేయడానికి నేనొక పొడుగు కాడ కొయ్య స్పూను చెక్కాను. కరెంటు పోతే మోటారుకు బ్యాటరీ తగిలించడం నేర్చుకున్నాను. మాట వినడంలో అమ్మ నాకంటే గట్టిది. చేతి గాజులు తీసి పక్కన పెట్టాకే నీళ్లలో చెయ్యి పెట్టేది.

ఒక పొద్దున అమ్మ ఏడుపు విని పరుగెత్తాను. తొట్టి అడుగున ఇసుకలో రొయ్య పడి ఉంది. కదలడం లేదు. "పోయినాడే, నా బిడ్డ తెచ్చినోడు పోయినాడే" అని అమ్మ తల కొట్టుకుంటోంది. తమ్ముడు నిద్ర కళ్లతో వచ్చి, కొయ్య స్పూనుతో దాన్ని పైకి తీసి అమ్మ అరచేతిలో పెట్టాడు.

"బరువుండాదా అమ్మీ?"

"లేదు."

"ఖాళీ చొక్కా అది. పెరిగినాడు గదా, బిగుతై ఇడిచేసినాడు. ఇప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటాది. గట్టిపడేదాకా రాయి ఎనకాల దాక్కుంటాడు. నువ్వు ఏడస్తే ఇంకా సిగ్గుపడతాడు."

నిజమే. కొన్నాళ్లకు రాయి వెనక నుంచి తెల్ల మీసాలు ముందు బయటికి వచ్చాయి, తర్వాత వాడు వచ్చాడు. ముందుకంటే ఎర్రగా ఉన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చొక్కా విడిచినా అమ్మ ఏడవలేదు. పక్కింటామెకు తానే ఇదంతా వివరించి చెప్పేది.

తమ్ముడు బండిలోనే పోయాడు. గుండెలో నొప్పి వస్తే వ్యాను రోడ్డు పక్కకు తీసి ఆపాడట. స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడట. వెనకే వస్తున్న స్నేహితుడు, అతనూ డ్రైవరే, చూసి ఆసుపత్రికి తీసుకుపోయాడు గానీ లాభం లేకపోయింది. బండిలోని రొయ్య పిల్లల్ని వేరే బండిలోకి మార్చారు. అవన్నీ ప్రాణాలతోనే చెరువు చేరాయి. ఈ మాట ఓదార్పుగా చెప్పారు నాకు. నాకు ఈ రోజుకీ అది మింగుడుపడలేదు.

అమ్మ అన్నం మానేసింది. ఒక మధ్యాహ్నం తనంతట తనే లేచి, గాజులు తీసి, తొట్టిలో చెయ్యి పెట్టింది. రొయ్య వచ్చి వేళ్ల మీద ఎక్కింది. "చెప్పిపోయినాడు గదే, ఈడు చూసుకుంటాడని" అంది నాతో. ఆ రోజు రెండు ముద్దలు తిన్నది. అప్పటి నుంచి ఆ రొయ్యను బతికించుకోవడమే నాకు పని. అది ఉంటే అమ్మ ఉంటుందని నా లెక్క. తమ్ముడి స్నేహితుడు ఇటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీళ్ల క్యాను దించి పోయేవాడు.

ఎండాకాలంలో నా కూతురి కాన్పుకు ఆత్మకూరు పోవాల్సి వచ్చింది. తాగే నీళ్ల క్యాన్లు నింపించి, అమ్మనూ రొయ్యనూ పక్కింటామెకు అప్పగించి బస్సెక్కాను. మనవడు పుట్టాడు. ఫోన్ చేస్తే అమ్మ "బాగుండాడు, ఇద్దరం బాగుండాం. గీత దిగనిస్తానా" అంది.

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ తొట్టి ముందే కూర్చుని ఉంది. చెయ్యి నీళ్లలో ఉంది.

"రాయి ఎనకాల ఉండాడు. చొక్కా ఇడిచినాడు, నిన్నటి నించి రాలా" అంది.

ఇసుకలో రొయ్య పడి ఉంది. కొయ్య స్పూనుతో తీశాను. స్పూను బరువెక్కింది. చొక్కా అయితే పల్చటి ప్లాస్టిక్ కాగితంలా అటుపక్క కనబడుతుంది. ఇది లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"ఖాళీనే గదా?" అని అడిగింది అమ్మ.

"ఖాళీనే అమ్మీ" అన్నాను.

పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టాను. నీళ్ల ప్లాంటు మోటారు కాలి క్యాన్ల ఆటో రాలేదని పక్కింటామె చెప్పింది. "మీ అమ్మ తాను తాగేదాన్లో సగం ఆ తొట్లో పోసింది. మా ఇంట్లో నీళ్లిస్తానన్నా తీసుకోలా. ఆ బిందెలో నీళ్లే మంచియ్యంట" అంది.

అమ్మది సీతారామపురం దగ్గర మెట్ట పల్లె. అక్కడి నుంచి తెచ్చుకున్న రాగి బిందె అది. తాగే నీళ్లు రాత్రంతా అందులో ఉంచి పొద్దున తాగితే ఏ రోగమూ రాదని ఆమె నమ్మకం. మమ్మల్ని ఆ నీళ్లతోనే పెంచింది.

తమ్ముడి స్నేహితుడికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "రాగి మనకి మంచిది ఆపా. రొయ్యకి విషం. నీళ్లలో కొంచెం దిగినా తట్టుకోదు" అన్నాడు. తర్వాత, "మద్రాసులో చెప్పి అట్టాంటిదే ఇంకోటి తెప్పించేదా?" అని అడిగాడు.

వద్దన్నాను. ఇంకొకటి తెస్తే, బిందె నీళ్లు పోయొద్దని అమ్మకు చెప్పాలి. ఎందుకని అడుగుతుంది. చెబితే ముందుదాన్ని ఏం చంపిందో ఆమెకు తెలిసిపోతుంది. ఆ మాట నా నోట రాదు.

మోటారు ఇంకా తిప్పుతూనే ఉన్నాను. ఎర్ర గీత దాకా నీళ్లు పోస్తూనే ఉన్నాను. అమ్మ రోజూ గాజులు తీసి చెయ్యి పెడుతుంది. "ఈసారి శానా పెరిగినట్టుండాడు, గట్టిపడేదానికి టైం పడతా ఉండాది" అంటుంది. ఆమె గోళ్లు పెరిగిపోయాయి. నన్ను తియ్యనివ్వదు.

అమ్మకు చదవడం రాదు. అందుకే ధైర్యం చేసి రాశాను. ఇందులో తప్పులుంటే దిద్దుకుని చదివి, పెద్ద మనసుతో క్షమించండి. మా వీధి వైపు ఎవరైనా వస్తే మాత్రం ఇది అమ్మకు చదివి వినిపించకండి.