కండెల పెట్టె మీద కంప్యూటర్

మా బావను తలుచుకుంటే ముందు ఆయన మెడే గుర్తొస్తుంది. సూరత్‌లో చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసేవాడు. లాక్‌డౌన్‌లో ఆ కంప్యూటర్‌ను ఆఫీసు నుంచి డిండోలి పేటలో తాము ఉండే గదికి తెచ్చుకుని, ఖాళీ నూలు కండెల పెట్టె మీద పెట్టి, నేల మీద కూర్చుని పనిచేశాడు. మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడు. పనంటే తల వంచి చేసేదే అనుకున్నాడు.

"జర మెడ లేపు," అనేది అక్క.

"గీ ఒక్క అంచు కానియ్యి."

ఏడాది తిరిగేసరికి మెడ పట్టేసింది. తల పైకి లేవడం మానేసింది.

ఆ వేసవిలో అక్కకు కరోనా వచ్చింది. ఆసుపత్రి లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. రోజూ సాయంత్రం మేం రోడ్డు మీద నిలబడితే, అక్క మూడో అంతస్తు కిటికీలోంచి చెయ్యి ఊపేది. బావ తన చెప్పులను చూస్తూ అడిగేవాడు.

"ఊపిందా బామ్మర్ది?"

"ఊపింది బావా."

ఆరో రోజు కిటికీలో ఎవరూ లేరు. ఊపిందనే చెప్పాను. ఆయన తల దించుకునే చెయ్యెత్తి తిరిగి ఊపాడు.

అక్క పోయాక ఆమె ఫోటోను నేనే గోడకు పైన తగిలించాను. మర్నాడు వెళ్లేసరికి బావ దాన్ని తీసి, కండెల పెట్టె పక్కన, నేలకు జానెడెత్తులో మేకు కొట్టి పెట్టుకున్నాడు.