షిఫ్టు దిగే వేళకు పాలకూర

బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది కాబట్టి అందరూ ఆమెను కాలరక్క అనేవారు. ఒక మధ్యాహ్నం మిషను ముందే కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి షుగరని తేల్చారు.

"ప్యాకెట్ తిండి మానెయ్యండి. కూరగాయలు, ఆకుకూరలు బాగా తినండి" అంది డాక్టరమ్మ.

"అలాగేనండీ. అవి ఎక్కడ దొరుకుతాయో కూడా ఆ చీటీ మీదే రాసివ్వండి."

డాక్టరమ్మ నవ్వింది గాని, కాలరక్క వేళాకోళానికి అనలేదు. కూరగాయల మార్కెట్టును ఊరి అవతలికి తరలించాక కాలనీ దుకాణాల్లో బిస్కెట్లు, చిప్స్, తీపి డ్రింకులే మిగిలాయి. సెలవునాడు రెండు బస్సులు మారి తెచ్చుకున్న కూరలు రెండు రోజులకే వడిలిపోయేవి. ఆ తరువాత పిల్లలకు తిండి పెట్టడమంటే కవరు చింపడమే.

ఆ వారమే, ఫ్యాక్టరీ బస్సులో ఇంటికి వస్తూ కిటికీలోంచి చూసింది. ఒక రైతు నవనవలాడే పాలకూర మడిని దున్నేస్తున్నాడు. ఆమెకు ప్రాణం ఉసూరుమంది.

"బాబాయ్, ఒక్క నిమిషం ఆపవా?" అని డ్రైవరును అడిగింది.

"ఇది ఫ్యాక్టరీ బస్సమ్మా, నీ సొంత కారు కాదు" అని గొణుగుతూనే ఆపాడతను.

ఆమె గట్టు మీదికి పరుగెత్తింది. "అన్నా, బంగారంలాంటి ఆకు, ఎందుకలా దున్నేస్తున్నావు?"

"ఏం చేయమంటావమ్మా? మార్కెట్టు చేరేసరికే సగం వాడిపోతుంది. మిగిలింది అమ్మితే లారీ కిరాయి కూడా రాదు."

"మా కాలనీ అదుగో, ఆ నీళ్ల ట్యాంకు పక్కనే. మాకు ఆకు దొరక్క, నీకు కొనేవాళ్లు లేక. రేపు షిఫ్టు దిగే వేళకు మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకురా. మావాళ్లకు నేను చెబుతాను."

మర్నాడు బండి వచ్చింది, కానీ సగానికి సగం అలాగే వెనక్కి పోయింది. "ఇంటికెళ్లి ఈ మట్టి కడుగుతూ, పుల్లలు ఏరుతూ కూర్చుంటే వంటెప్పుడు చేసేది?" అన్నారు తోటివాళ్లు. ఆ మాటలో నిజముంది. కాలరక్క ఆ సంగతి చెప్పాక రైతు భార్య వేర్లు కోసి, కడిగి, కట్టలు కట్టి పంపసాగింది. అప్పటినుంచి బండి ఖాళీగా తిరిగి వెళ్లేది.

ఇంట్లో మాత్రం భర్త మొహం ముడుచుకున్నాడు. "రోజూ ఆకులే. నాకు కొమ్ములు మొలుస్తాయేమో."

"మొలవనీ. గోడకు మేకులు కొట్టే పని తప్పుతుంది, చొక్కాలు వాటికే తగిలిస్తాను."

అంతా కుదుటపడిందనుకుంటుండగా, ఫ్యాక్టరీ ముందు సంతలేమిటని వాచ్‌మన్ బండిని తరిమేశాడు. కాలరక్క ఆ రాత్రి సరిగా తినలేదు. తెల్లారాక నలుగురిని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది.

"సార్, మిషను ముందు పడిపోయింది నేను. రేపు ఇంకొకరు పడతారు. ఆ బండి నిలబడేందుకు కాస్త చోటివ్వండి, చాలు."

"దారికి అడ్డం లేకుండా సైకిళ్ల షెడ్డు పక్కన పెట్టుకోండి" అన్నాడాయన. తరువాత క్యాంటీన్ వంటాయన కూడా ఆ బండి దగ్గరే కొనడం మొదలుపెట్టాడు.

కాలరక్కకు షుగరు పూర్తిగా పోలేదు, కానీ అదుపులోకి వచ్చింది. మిషను ముందు మళ్లీ కళ్లు తిరగలేదు. రైతు కూడా మార్కెట్టు కోసం ఒకటే పంట వేయడం మానేశాడు. మొన్న షెడ్డు దగ్గర ఆడవాళ్లనే అడిగాడు, "వచ్చే పంటకు ఏం వేయమంటారు?" అని.

ఒకరు బీన్స్ అన్నారు, ఒకరు వంకాయ అన్నారు. వాదన ముదిరింది. కాలరక్క అందరినీ తోసుకుని ముందుకొచ్చింది.

"క్యారెట్ వెయ్యన్నా. మా చిన్నది పచ్చిదే కరకరా నమిలేస్తుంది."