క్రేను చెయ్యి ఆగిన రోజు

మా మరిది క్రేను నడుపుతాడు. మా వీధి చివర పద్నాలుగు అంతస్తుల భవనం లేస్తోంది, దాని పక్కన నిలబడ్డ పసుపు రంగు క్రేను అతనిదే. పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి పైనున్న గాజు గదిలో కూర్చుంటే సాయంత్రానికే దిగడం. మధ్యలో దిగితే అరగంట పని ఆగుతుంది, కింద మేస్త్రీ నోరు పారేసుకుంటాడు. అందుకని నీళ్లు తాగడు. అన్నం డబ్బా తాడు కట్టి పైకి పంపిస్తారు. వాకీటాకీలో కిందివాడు "ఎడమకి... ఇంకాస్త... దించు" అంటుంటే, ఆ గొంతును పట్టుకొని అంత బరువునూ దించాలి. కింద మనుషులుంటారు. ఒక్క వేలు తొందరపడితే చాలు.

ఇంటికొచ్చాక కూడా ఆ బరువు చేతిలోనే ఉన్నట్టుంటాడు. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతాడు. కూర్చుంటే మోకాలు ఊపుతాడు. రేపటి గాలి ఎంతో ఫోనులో చూస్తాడు, పెట్టేస్తాడు, మళ్లీ తీస్తాడు.

"నువ్వు చూస్తే గాలి తగ్గుతుందా?" అంటుంది నా తోడికోడలు. "ఆకాశంలో ఉద్యోగం, నేల మీద చిరాకు!"

"నువ్వెక్కి చూడు, తెలుస్తుంది."

"నేనెక్కితే నిచ్చెన విరుగుద్ది. నీకు సెలవైనా వస్తుంది."

ఒకప్పుడైతే నవ్వేవాడు.

ఆరు నెలలకోసారి కంపెనీ డాక్టరమ్మ పరీక్ష చేసి సంతకం పెట్టాలి. అది లేకపోతే పైకి ఎక్కనివ్వరు. పోయినసారి బీపీ పైది నూట అరవై, కిందది నూరు వచ్చింది. బయట చూపించుకొని మందు మొదలుపెట్టు, పదిహేను రోజుల్లో మళ్లీ చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే కిందే పని అందట. అతను ఎక్కడా చూపించుకోలేదు. "తీరికేదీ?" అన్నాడు. పై కుర్చీ కోసం ఇంకొకడు కాచుకొని ఉన్నాడు, అదీ అతని బాధ.

రెండో పరీక్ష రోజు నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. అక్కణ్ణుంచి క్రేను చెయ్యి కనబడుతుంది. అది తిరుగుతుంటే నాకు నిమ్మళంగా ఉంటుంది. ఆ రోజు పదిగంటలకు ఆగింది. గాలి లేదు, వాన లేదు. ఒక దుప్పటి ఆరేశాను, చూశాను. ఇంకోటి ఆరేశాను, చూశాను. కదల్లేదు.

కిందికి వచ్చాను. ఇంట్లో నిలవలేకపోయాను. ఏదో ఒకటి చేయాలని బీరువా సొరుగు సర్దబోయాను. అందులో మా ఆయన బీపీ మాత్రలున్నాయి. ఆయన బస్సు నడిపేవారు. ఆ మాత్ర వేసుకుంటే ఒంటేలుకి బండి మాటిమాటికీ ఆపాల్సి వస్తుందని ఎగ్గొట్టేవారు. పోయాక చూస్తే ముప్పై ఏడు మిగిలాయి. ఎనిమిది నెలలుగా నేను వాటిని తీసి లెక్కపెట్టి మళ్లీ పెడుతున్నాను. ఆ రోజు ముప్పై అయిదే ఉన్నాయి. ఆ పొద్దున్నే మరిది కత్తెర కావాలని వచ్చి ఆ సొరుగు తీసిన సంగతి అప్పుడు తట్టింది.

చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. వీధి చివరికి ఎలా వెళ్లానో తెలియదు. నేను వెళ్లేసరికి అతను నిచ్చెన మధ్యలో ఉన్న ఇనుప పలక మీద కూర్చొని కడ్డీని రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. వాకీటాకీ చెడింది, దిగి వస్తున్నానని కిందివాళ్లకు కేకేసి చెప్పాడట. మెల్లగా దిగాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఎన్ని వేసుకున్నావు?" అన్నాను.

"ఏంటి?"

"మీ అన్నయ్య మాత్రలు. సొరుగులో రెండు తగ్గాయి."

అతను అటూ ఇటూ చూశాడు. "అరవకు వదినా. పరగడుపున వేసుకున్నాను, అంతే. ఇప్పుడు బాగానే ఉంది. గంటలో పరీక్ష, అయిపోతే ఇంకెప్పుడూ ముట్టుకోను. ఇంటికెళ్లు."

వెళ్లలేదు. డాక్టరమ్మ కూర్చునే రేకుల గది దాకా వెంట నడిచాను. ఆవిడ చిన్నపిల్ల. పట్టీ చుట్టి, గాలి కొట్టి, మీటరులో ముల్లు చూసింది.

"నూట ఎనిమిది, డెబ్భై! భలే తగ్గించారే. ఏం చేశారు?"

"నడుస్తున్నానండీ. ఉప్పు మానేశాను."

మొన్ననే ఉప్పు చాలలేదని కంచం నెట్టేశాడు. ఆవిడ కలం తీసింది. అతని మోకాలు బల్ల కింద ఊగుతోంది. నలుగురిలో నాకు మాట పెగలదు. అయినా ఆ కలం కాగితం మీదికి వస్తుంటే నోరు దానంతటదే తెరుచుకుంది.

"అది ఇతని బీపీ కాదండీ. మా ఆయన మాత్రలది."

"ఆయనెక్కడున్నారు?"

"లేరు."

ఆవిడ కలం పక్కన పెట్టింది. తర్వాత చాలాసేపు అరిచింది. ఒకరి మందు ఇంకొకరు మింగుతారా, నిచ్చెన మీద చెయ్యి జారి ఉంటే ఎవరు దిక్కు అంది. రెండు నెలలు కిందే పని అని రాసింది. పెద్దాసుపత్రిలో చూపించుకొని, వాళ్లిచ్చిన మందు వాడాకే మళ్లీ చూస్తానంది.

బయటికొచ్చాక అతను నా వైపు చూడలేదు. "అన్నయ్య పోయాక నువ్వే పెద్దదిక్కు అనుకున్నా. నోటి కాడి కూడు తీశావు వదినా," అన్నాడు.

పదకొండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు వాకీటాకీలో కిందినుంచి మాట్లాడే గొంతు అతనిది, కుర్చీలో ఆ ఇంకొకడు. పై వాటాలో అతని అడుగులు నా నెత్తిన నడుస్తున్నట్టే ఉండేవి. నేనూ కింద గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరిగేదాన్ని.

"అక్కా, ఉద్యోగమే నయం," అని తోడికోడలు దిగొచ్చింది. "అయిదింటికే వచ్చి నా గిన్నెలో ఉప్పు ఎంత వేశానో తొంగి చూస్తున్నాడు. ఆసుపత్రివాళ్లు ఉప్పు తగ్గించమన్నారుగా, ఇప్పుడు నేనే దొంగని!"

"నా మాటేమైనా అన్నాడా?"

"నాతోనే సరిగ్గా అనడు. గోడతో అంటున్నాడేమో."

పన్నెండో రోజు సెలవు. పొద్దున నేను వంటింట్లో ఉండగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. పీట లాక్కొని కూర్చున్నాడు.

"అన్నయ్యకి తల తిరిగేదా వదినా? నీకు చెప్పేవాడా?"

ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"చెప్పేవారు కాదు," అన్నాను. "పొద్దున లేవగానే గోడ పట్టుకునేవారు. నిద్రమత్తు అనుకునేదాన్ని."

అతని మోకాలు ఆగింది. మళ్లీ ఊగింది.

"నేనూ పట్టుకుంటున్నాను," అన్నాడు. "చాలా రోజుల్నుంచి. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"చెప్పు."

లేచాడు. మెట్ల దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. పైన తలుపు తీసిన చప్పుడైంది, తోడికోడలు ఏదో జోకు మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.