పెద్దమ్మ విప్పిన ముడి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా పెద్దమ్మ మీద పగ తీర్చుకోవడానికి కంచె వెంట తిరిగి దురదగొండి కాయలు ఏరాను. ఆమె పక్కబట్టల్లో ఆ నూగు దులపాలని నా పథకం. అరవై దాటిన ఈ వయసులో కూడా అది తప్పని నాకు అనిపించడం లేదు.

ఆ ఏడాది మా అమ్మకు పుట్టిన తమ్ముడు పదకొండో రోజున పోయాడు. అప్పటినుంచి అమ్మ మాట్లాడడం మానేసింది. ఉన్నట్టుండి లేచి అల్లం చేల మధ్య పరుగెత్తేది, ఎవరినో వెతికేది. మొగుడంపల్లి దగ్గర మా ఊళ్లో అందరి లెక్కలో అది పిచ్చి. మా నాన్నకు వాళ్ల వదిన మాటే వేదం. ఆ వదినే మా పెద్దమ్మ. ఆమె బర్రెను కట్టే పలుపు తెచ్చి, ఒక కొస అమ్మ కాలికి బిగించి, కొట్టంలో రాటకు చుట్టింది. వచ్చే బేస్తవారం అమ్మను న్యాల్‌కల్ వైపున్న పుట్టింట్లో శాశ్వతంగా దింపి రావాలని, నాన్నకు మరో పెళ్లి చేయాలని కూడా ఆమే తేల్చేసింది. నన్నెవరూ అడగలేదు. వాకిట్లో పిల్లలు అమ్మను చూసి నవ్వుతుంటే పళ్లు పటపట కొరకడం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

పెద్దమ్మ సంగతి అటుంచి, కాయలు తెంపుతుంటే ముందు నా చేతులకే దద్దుర్లు లేచాయి. గోక్కుంటూ ఏడుస్తున్న నన్ను పక్కింటి అక్క చూసింది. ఆమె ఆ ఇంటి కోడలు. పెళ్లయిన కొత్తలో ఆమెకూ మతి చెదిరిందని, పట్నం దవాఖానలో ఆరు నెలలు ఉండి వచ్చిందని ఊరంతా గుసగుసలాడేది. ఆమె చేతి చల్ల కూడా ఎవరూ తాగేవారు కాదు. అక్క నా చేతులకు పేడ రుద్ది, విషయమంతా రాబట్టింది. తిట్టలేదు.

"దూల రెండు దినాలుంటది బిడ్డా, మల్ల పోతది. పగ తీర్చుకునుడంటే గట్ల కాదు. రా, చూపిస్త," అంది.

నేరుగా మా కొట్టంలోకి నడిచింది. రాటకు చుట్టగా మిగిలిన పలుపు కొసను తన కాలికి కట్టుకుని, పాడి బర్రె నిలబడే చోట అమ్మ పక్కనే చతికిలబడింది. పెద్దమ్మ పరుగున వచ్చి కేకలేసింది. అక్క కదల్లేదు.

"నన్ను గూడ గిట్లనే కట్టిన్రు పెద్దొదినె. ఇప్పుడు పిచ్చోళ్లు ఇద్దరైన్రు, ఇద్దరికి బువ్వ పెట్టు," అంది.

ఆ తర్వాత అమ్మను ఏమీ అడగకుండా తన కథ తాను చెప్పుకుంటూ పోయింది. ఏ నెలలో నిద్ర పట్టడం మానేసిందో, ఎవరెవరి గొంతులు వినిపించాయో, అన్నీ. అమ్మ వింటోందో లేదో నాకు తెలియలేదు. పొద్దు వాలుతుండగా, రెండు నెలల తర్వాత, అమ్మ నోరు విప్పింది.

"పోరడు ఏడుస్తుండు. నీకు వినవడ్తలేదా?"

"లేదు వదినె. కని గప్పట్ల నాకు గూడ ఎవ్వలు లేకున్న మాటలు వినవడుతుండె. నిజమే అనిపిస్తది. నాకెర్క."

అక్క అబద్ధం చెప్పలేదు, అమ్మ చెప్పింది అబద్ధమనీ అనలేదు. అమ్మ ఆమె భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు కూడా అమ్మ అలా ఏడవలేదు.

ఈలోగా బర్రె మేత నుంచి తిరిగొచ్చింది. తన చోట తనను కట్టకపోతే మా బర్రె పాలు చేపదు. పెద్దమ్మ దాన్ని వేరే రాటకు కట్టి చూసింది. చుక్క రాలలేదు సరికదా, ఒక తన్ను కూడా తగిలింది. ఆ అరుపులకు వాడంతా పోగయింది. కట్టిన చేత్తోనే అమ్మ ముడి విప్పితే గానీ ఆ చోటు వదలనంది అక్క. ముడి బిగుసుకుపోయి ఉంది. పెద్దమ్మ అందరి ముందూ మా అమ్మ కాళ్ల దగ్గర వంగి, పళ్లతో లాగి విప్పాల్సి వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ నోట్లో బెల్లం పెట్టినట్టు ఉంటుంది.

వాడంతా చూశాక నాన్న మరో పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. బేస్తవారం అమ్మ పుట్టింటికి పోలేదు, అక్కతో కలిసి పట్నం బస్సెక్కింది. గోలీలు డాక్టరు రాసిచ్చాడు. నోరెండిపోయి, ఒళ్లు మొద్దుబారి అమ్మ వాటిని పారేయబోయిన రోజుల్లో "నాకు గూడ గట్లనే అయింది, జర ఓర్సుకో" అని చెప్పగలిగింది మాత్రం అక్క ఒక్కతే. ఏడాది తిరక్కుండా అమ్మ అల్లం పెట్టే పనికి పోయింది.

పెళ్లయ్యాక నాకూ ఆ జబ్బు వచ్చింది, తగ్గింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు జహీరాబాద్ దవాఖానలో, మానసిక వైద్యురాలి గది పక్కన కూర్చుంటాను. పడి లేచినవాళ్లు కొత్తగా పడ్డవాళ్లకు తోడుండడం, అదే నా పని. ఏం చదివినవమ్మా అని అడుగుతారు. చదువలే, పడ్డ అంటాను.

పెద్దమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని తప్పయిందని ఏడ్చింది. గంజి తాగించాను, ఒళ్లు తుడిచాను, క్షమించానని మాత్రం అనలేదు. కోపం వదిలేయమని మా డాక్టరమ్మ చెబుతూనే ఉంటుంది. ఏ గోలీ ఇచ్చినా మింగుతాను గానీ దీన్ని వదలను. ఇది ఉండబట్టే ఈ మోకాళ్లతో పొద్దున్నే బస్సెక్కగలుగుతున్నాను. అత్తింటివాళ్లు గదిలో పెట్టి గొళ్లెం వేసిన ఏదో ఇంటి కోడలు, మందులు మొదలైన మూడో నెలకు ఎవరి తోడూ లేకుండా వచ్చి నా ఎదుట కూర్చుంటుంది. గొళ్లెం వేసినవాళ్ల మొహాలు ఆ పూట ఎలా ఉండి ఉంటాయో ఊహించుకుని కడుపారా నవ్వుకుంటాను. అక్క నేర్పిన పగ నాకింకా తీరలేదు.