మూర్తి గారు నా చేత చేయించాలనుకున్న పని

గత మంగళవారం హాస్పిటల్‌లో లంచ్‌కి కూర్చుని ఫోన్ తీస్తే సుభద్ర ఆంటీ మెసేజ్ కనిపించింది. "అంకుల్ పొద్దున నిద్రలోనే వెళ్లిపోయారు సరితా." నర్సుగా మృత్యువును దగ్గర నుంచి చూడటం నాకు నిత్యకృత్యం. అయినా ఆ ఒక్క వాక్యం మనసుకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అరోరా ఊళ్లో మా వీధిలోనే ఉండే సూర్యనారాయణమూర్తి గారు ఇక లేరు. ఆయనకు చెప్పవలసిన క్షమాపణ నా దగ్గరే ఉండిపోయింది.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన మితభాషి, నిరాడంబరుడు. ఒక పండగ రోజు గుడి వంటశాలలో గ్రైండర్ ఆగిపోతే, పట్టుపంచెతోనే నేల మీద కూర్చుని గంటలో తిప్పించారు. కమిటీవాళ్లు శాలువా పట్టుకొచ్చారు. "ముందు చేతులు కడుక్కోనివ్వండి" అని లేచి, వెనక తలుపులోంచి ఇంటికి వెళ్లిపోయారు.

విడాకుల తరువాత ఒంటరిగా నేను ఎదుర్కొన్న మొదటి చలికాలంలో ఆయన నాకు దగ్గరయ్యారు. ఉదయం ఏడింటికి డ్యూటీలో ఉండాలి. మంచు పడని ఫ్లోరిడాకి మారిపోతున్న ఒక ముసలాయన దగ్గర, వాకిట్లో మంచును ఎత్తి పక్కకు చిమ్మే స్నోబ్లోవర్ మిషన్, వాడినదే, కొన్నాను. స్టార్ట్ చేస్తే ఇంజన్ ఒక క్షణం రొద పెట్టి, మరుక్షణం నీరసించి, మళ్లీ లేచేది. మంచులోకి తోస్తే ఆగిపోయేది. సంగతి తెలిసి మూర్తి గారు టూల్‌బాక్స్‌తో వచ్చారు. చోక్ మీటను సగానికి తిప్పి, "ఇప్పుడు విను" అన్నారు.

"సాఫీగ నడుస్తుంది అంకుల్."

"గాలి తగ్గిస్తే కుదురుకుంది. అంటే గ్యాస్, అదే పెట్రోలు, సరిగ్గా అందట్లేదు. పాత గ్యాస్ బంకలా పట్టేసి కార్బ్యురేటర్‌లో సన్న రంధ్రం పూడిపోయి ఉంటుంది. విప్పి క్లీన్ చేద్దాం. విప్పేది నువ్వే."

"నాకు వస్తదా? మీరే చేసెయ్యండి అంకుల్, తొందరగ అయిపోతది."

"సూదితో నరం పట్టేదానివి, నీకు రాకపోవడమేమిటమ్మా?"

ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు నా చేతే ఊడదీయించారు. "ఆపేసిన మిషన్ని కూడా నమ్మకూడదు" అన్నారు. ఆ శనివారం ఒక్కొక్క మరా విప్పి, మళ్లీ బిగించేటప్పుడు గుర్తుండేలా ఫోటో తీయడంతోనే సరిపోయింది. రెండో శనివారం సన్నటి తీగతో ఆ రంధ్రాన్ని శుభ్రం చేశాను. కిటికీ వైపు ఎత్తి చూస్తే ఆవలి వెలుగు చుక్కలా కనిపించింది. ఆయన ముఖంలో నాకంటే ఎక్కువ సంతోషం. కానీ గాలి చొరబడకుండా మధ్యలో వేసే పల్చని గాస్కెట్ చిరిగి ఉంది. కొత్తది తెప్పించి వచ్చే శనివారం బిగిద్దామన్నారు.

ఆ వారం మధ్యలో పెద్ద మంచు పడింది. పారతో వాకిట్లో మంచు తీసి డ్యూటీకి వెళ్లేసరికి గంట ఆలస్యం. అందరి ముందూ మాట పడ్డాను. సాయంత్రం తిరిగొస్తూ బ్యాటరీతో నడిచే కొత్త స్నోబ్లోవర్ కొనేశాను. మూర్తి గారికి చెప్పలేదు.

శనివారం ఆయన గాస్కెట్ పట్టుకుని వచ్చారు. గరాజ్‌లో కొత్త మిషన్ చూసి, "మంచి పని చేశావమ్మా. నీకు డ్యూటీ ఉంది కదా" అన్నారు. చేతిలోని కవరు కోటు జేబులో పెట్టుకుని, "పాతది నేను పట్టుకెళ్లనా?" అని అడిగారు.

"తీస్కపోండి అంకుల్. నాకెందుకిప్పుడు?"

ఆ వయసులో ఆయన దాన్ని ఒక్కరే తోసుకుంటూ వీధి వెంట వెళుతుంటే కిటికీలోంచి చూశాను. వెళ్లి ఒక చెయ్యి వేయలేదు. తరువాత గుడిలో కలిసినప్పుడల్లా ఆయన ఆప్యాయంగానే పలకరించేవారు. నేనే సిగ్గుతో మాట తుంచుకుని తప్పుకునేదాన్ని. ఇంటికి వెళ్లి చెప్పాలనుకుంటూనే రెండు చలికాలాలు గడిచాయి.

అంత్యక్రియల మర్నాడు ఆంటీ దగ్గర కూర్చున్నాను. ఆ పాత మిషన్‌ను ఆయన బాగుచేసి, ఎదురింటి పెద్దావిడ వాకిట్లో మంచంతా దానితోనే తీసేవారట. చివరికి ధైర్యం చేసి అడిగాను.

"అంకుల్‌కి నా మీద కోపం వచ్చిందా ఆంటీ?"

"కోపమా? తన మీదే వచ్చింది" అన్నారామె. "'నేనే చేసిచ్చేస్తే మొదటిరోజే అయిపోయేది. ఒక్కతే ఉంటోంది, సొంత చేత్తో బాగుచేసుకుంటే ధైర్యం వస్తుందని లాగాను. పిల్లని ఇబ్బందిపెట్టాను' అని చాన్నాళ్లు బాధపడ్డారు."

నిదానమని నేను విసుక్కున్నది నా కోసం ఆయన కేటాయించిన కాలమని అప్పుడు తెలిసింది. యంత్రాలు బాగుచేసేవారు మరొకరు దొరుకుతారేమో. ఎదుటి మనిషి చేతికి పనిముట్టు అందించి, పక్కన ఓపికగా నిలబడే ఆ పెద్దమనసు మా వీధికి మళ్లీ దొరకదు. ఆ సౌజన్యమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. తప్పు తనదేనన్న భావంతో ఆయన వెళ్లిపోయారు. ఒక్క సాయంత్రం ఆ తలుపు తట్టి, "మీది కాదు అంకుల్" అని నేను చెప్పలేదు.