చేపలకు కళ్ళు పెట్టిన రోజు

మా నాయన నాకు వడ్ల గది ఇచ్చాడు, కానీ పంట ఇంటికొచ్చేదాకా మాత్రమే. మద్రాసులో బట్టల మీద అద్దకం నేర్చుకొని ముత్తుకూరికి తిరిగొచ్చిన ఏడాది అది, యాభైల చివర. వడ్లు అమ్మేశాక మళ్ళీ కోతల దాకా ఆ గదిలో ఎలుకలు తప్ప ఎవరూ ఉండరు. వాటితో సర్దుకుపొమ్మన్నాడు. కోతలయ్యేలోపు నా రంగుల పని నిలబడితే వడ్లకు వేరే చోటు చూస్తాననీ, నిలబడకపోతే అద్దకం బల్ల నా చేత్తో నేనే బయట పెట్టాలనీ అన్నాడు. ఆయన ఒక మాట అన్నాడంటే అన్నట్టే. ఆ రోజు నాకు సంతోషంతో అన్నం దిగలేదు, భయంతో నిద్ర పట్టలేదు.

నాకు తోడు మా వదిన. అన్న రైల్వే ఉద్యోగంలో ఊళ్ళు తిరుగుతుంటే ఆమె మా ఇంట్లోనే ఉండేది. రంగులు కలపడం ఎంత బాగా వచ్చో, నవ్వు ఆపుకోవడం అంత రాదు ఆమెకు. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ‘స్టూడియో’ అని రాసి గది తలుపుకు కట్టింది కూడా ఆమే. నెల్లూరులో ఏదో షాపు మీద ఆ మాట చూసి ముచ్చటపడిందట. వారం తిరక్కుండానే పెళ్ళిబట్టల్లో ఒక జంట బండి దిగి, ఫోటో ఎక్కడ తీస్తారని అడిగారు. వదిన వాళ్ళను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పెళ్ళికూతురి రుమాలు మీద మల్లెమొగ్గల అచ్చు కొట్టి పంపింది. వాళ్ళ బండి మలుపు తిరిగేదాకా ఓర్చుకొని, తర్వాత ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాం. అట్ట మాత్రం తీయలేదు.

మాకు మొదటి పెద్ద పని తెచ్చింది పాస్టరమ్మ గారు. సముద్రం ఒడ్డు పాలెం నుంచి కొందరు ఆడవాళ్ళు బాప్తిస్మం తీసుకోబోతున్నారు. మా సంఘంలో ఆ రోజుకు తెల్లచీర కట్టడం ఆనవాయితీ. ఈసారి అంచున చిన్న చిన్న నీలం చేపలుంటే బాగుంటుందని ఆమెకు తోచింది. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. గడప దగ్గర నిలబడి అంతా విన్న మా నాయన ఇంకో లెక్క వేశాడు. చీర కట్టిన మనిషిని ఊరిజనం ముందు ఉప్పునీళ్ళలో నిలువునా ముంచుతారు. మా రంగు సంగతేమిటో అక్కడే తేలిపోతుంది.

“చేపలు నిలిస్తే గది నీది. కారిపోతే ఇంక వాదన లేదు,” అన్నాడు.

అచ్చు కోసం నెల్లూరు పోయాను. అక్కడ టేకుచెక్క మీద అద్దకం అచ్చులు చెక్కే పెద్దాయన ఒకరుండేవారు, అందరూ అచ్చుల సాయిబు గారు అనేవాళ్ళు. నేను గీసిన చేపను అటూ ఇటూ తిప్పి చూసి, ప్రాణమున్నదాన్ని చెక్కడం తనకు అలవాటు లేదన్నారు. పూలు, తీగలు, మామిడిపిందెలు ఎన్నయినా చేసిస్తానన్నారు. నా మొహం చూసి జాలేసిందో, బొమ్మే నచ్చిందో, మళ్ళీ కాగితం చేతిలోకి తీసుకున్నారు.

“ఒళ్ళు చెక్కుతానమ్మా. కన్ను మాత్రం నేను పెట్టను. అది నువ్వు పెట్టుకో.”

అట్లా చెక్కిన చేప ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. తోక దగ్గర ఒక చిన్న ఒంపు తిప్పారు, దాంతో అది నిజంగా ఈదుతున్నట్టే ఉంది. బస్సులో అచ్చును ఒళ్ళో పెట్టుకొని, జారిపోతుందేమోనన్నట్టు ముత్తుకూరు దాకా పట్టుకునే కూర్చున్నాను.

ఇంక మా పని చూడాలి. చీరల గంజి పోయేదాకా వదిన ఉతుకుతుంది, నేను అద్దుతాను, ఇద్దరం కలిసి పెరట్లో ఆరేస్తాం. మా రంగు ఎండలో బాగా కాగి, ఆ తర్వాత మరిగే నీళ్ళలో ఉడికితేగాని బట్టను పట్టదు. తడవకోసారి వదిన ఒక అంచును ఉప్పునీళ్ళలో ముంచి, పిండి, నా ముక్కు దగ్గర పెట్టి చూపించేది. చుక్క రంగు దిగలేదు. కన్ను సంగతి మేం పట్టించుకోలేదు, లేకపోయినా అందంగానే ఉన్నాయి చేపలు. ఆ వారమంతా మేం నేల మీద నడిచిన గుర్తు లేదు.

బాప్తిస్మానికి ముందు రోజు సాయంత్రం పాస్టరమ్మ గారు చీరలు తీసుకుపోవడానికి వచ్చారు. ఒకటి విప్పి మెచ్చుకున్నారు. అంతలోనే కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఏందమ్మా, ఇవన్నీ గుడ్డి చేపలా?”

అంతే, నేనూ వదినా రంగుగిన్నె ముందేసుకొని కూర్చున్నాం. చీపురుపుల్ల ముంచడం, చుక్క పెట్టడం, పక్కచేపకు జరగడం. మా అమ్మ కూడా వచ్చి ఒక చీర పట్టుకుంది, ఆమె కన్ను పెట్టిన చేపలన్నీ కొంచెం మెల్లకన్నువి. ఎండకూ ఉడుకుకూ సమయం లేదని మాకు తెలుసు. ఆవగింజంత చుక్క, అదెక్కడికి పోతుందిలే అనుకున్నాం.

మర్నాడు పొద్దున ఉప్పుటేటి ఒడ్డున మా నాయన అందరికన్నా ముందు, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. పాటలు పాడుతున్నారు. నేను మాత్రం చీరల అంచులే చూస్తున్నాను. మొదటి ఆమె నీళ్ళలో మునిగి, లేచి, ఒడ్డుకు నడిచొచ్చింది. చేపలు చెక్కుచెదరలేదు, తడికి ఇంకా నిగనిగలాడుతున్నాయి. నేను ఊపిరి వదిలానో లేదో, ఒక్కో చేప కంటి నుంచి ఒక్కో నీలం చార కిందికి జారడం మొదలుపెట్టింది. ఆమె కుచ్చిళ్ళు పైకెత్తి చూసుకొని, నెమ్మదిగా అంది.

“అయ్యో, నా చేపలు ఏడస్తా ఉండాయే.”

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. లాభం లేకపోయింది. ఆమె నవ్వు పాస్టరమ్మ గారికి, ఆమె నుంచి పాలెం వాళ్ళకు పాకింది. నీలం అంటిన తన వేళ్ళు చూసుకొని, నడుం లోతు నీళ్ళలో పాస్టరు గారు కూడా నవ్వారు. అవి సంతోషంతో ఏడుస్తున్నాయని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వని మనిషి మా నాయన ఒక్కడే.

ఈ సంగతి చెబితే సాయిబు గారు దగ్గొచ్చేదాకా నవ్వి, చెక్కముక్క ఒకటి తీసుకొని చిన్న గుండ్రటి అచ్చు చెక్కి నా చేతిలో పెట్టారు. అది ఉత్త చుక్కేననీ, చుక్కకు ప్రాణముండదనీ, దాన్ని ఎక్కడ అద్దుకుంటానో తనకు అనవసరమనీ అన్నారు. పాలెం ఆడవాళ్ళు మాత్రం ఏడ్చే చేపలే కావాలని కబురు పంపారు.

కోతలయ్యాయి. వడ్లబండ్లు వాకిట్లోకి వచ్చిన పొద్దున, మా నాయన ఏమీ అనకముందే నేనూ వదినా బల్లను చెరో పక్కా పట్టుకొని గడప దాటించాం. నాయన అన్న మాట అన్నదే గదా. వదిన నవ్వకుండా ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే.

“దాన్ని యాడికి మోసకపోతా ఉండారు?” అన్నాడు మా నాయన, ఇంట్లో నుంచి వస్తూ. “నేను చేపలు నిలవాలన్నాను. నిలిచినాయి. కళ్ళ మాట నేనెత్తలేదే.”

ఆయన చేతిలో తన మంచం ఉంది. దాన్ని వరండాలో వేసి, తన గది తలుపు బార్లా తెరిచి, బండ్లవాళ్ళను వడ్లు అందులో పొయ్యమన్నాడు. వానొస్తే ఏం చేస్తావని అమ్మ అరిచింది. గోనెపట్టా కట్టుకుంటానన్నాడు. కట్టుకున్నాడు కూడా. బతికున్నన్నాళ్ళూ ఆ వరండాలోనే పడుకున్నాడు.